ఆరు నిమిషాల టేప్: 'గ్రిజ్లీ మ్యాన్' మీద ఒక ఎడిటర్ కేస్ స్టడీ

పోయిన ఏడాది వేసవిలో మా ఎడిట్ రూమ్‌కి ఒక పాత ఫోన్ వచ్చింది. స్క్రీన్ ఒక మూల పగిలి ఉంది. వెనక కవర్ మీద వెంకటేశ్వరస్వామి స్టిక్కర్. గోదావరి జిల్లాల్లోని ఒక ఊళ్లో పాములు పట్టే ఆయనది ఆ ఫోన్. ఆయన పోయి అప్పటికి ఎనిమిది నెలలైంది. చుట్టుపక్కల ఎవరింట్లో పాము దూరినా ముందు ఆయనకే కబురు వెళ్లేది. పట్టిన ప్రతి పాముతోనూ ఒక వీడియో తీసుకునేవాడు. నాలుగేళ్ల క్లిప్పులు, పదకొండు వందలకు పైగా. ఆఖరి క్లిప్‌లో నాగుపాము ఆయన్ని కాటేసింది. ఆ క్లిప్ తీసింది పదో తరగతి చదువుతున్న ఆయన కొడుకు.

డైరెక్టర్ నాకంటే చాలా చిన్నది. ఇది ఆమెకు రెండో సినిమా. "అన్నా, ఈ క్లిప్ ఎక్కడ పెడదాం?" అని అడిగింది. పెట్టాలా వద్దా అన్న ప్రశ్న మా ఇద్దరికీ అప్పటికింకా తట్టలేదు. డబ్బు పెడుతున్న వాళ్లకైతే అది ట్రైలర్‌లోనే కావాలి.

నేను ఇరవై రెండేళ్లుగా డాక్యుమెంటరీలు ఎడిట్ చేస్తున్నాను. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఎడిటింగ్ టైమ్‌లైన్ మూసేసి ఇద్దరం 'గ్రిజ్లీ మ్యాన్' చూశాం. ఎలుగుబంట్ల మధ్య బతికి, వాటి చేతిలోనే పోయిన ఒక మనిషి మీద తీసిన డాక్యుమెంటరీ అది. మొదట మామూలు ప్రేక్షకుల్లా ఒకసారి, తర్వాత మూడు రోజులపాటు కట్ కట్ దగ్గరా ఆపుతూ. అప్పుడు రాసుకున్న నోట్సే ఈ కేస్ స్టడీ. ఎడిటింగ్ టేబుల్ దగ్గర కొత్తగా కూర్చుంటున్న పిల్లల కోసం రాస్తున్నాను. చనిపోయిన మనిషి ఫుటేజ్ ఎప్పుడో ఒకప్పుడు మీ దగ్గరికీ వస్తుంది.

అసలు ఏం జరిగింది

తిమొతీ ట్రెడ్‌వెల్ అమెరికన్. 1957లో పుట్టాడు. కాలేజీలో నీళ్లలోకి దూకే డైవింగ్ పోటీల్లో ఉండేవాడు, తర్వాత నటుడవ్వాలని కాలిఫోర్నియా వెళ్లాడు. అది కుదరలేదు. తాగుడు, డ్రగ్స్‌తో చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. ఆ స్థితిలో అలాస్కా వెళ్లి ఎలుగుబంట్లను చూశాడు. అవే తనను తాగుడు నుంచి బయటపడేశాయని నమ్మాడు. ఆ తర్వాత 13 వేసవులు అలాస్కాలోని కట్మై నేషనల్ పార్క్‌లో, గోధుమరంగు ఎలుగుల మధ్యనే గుడారం వేసుకుని బతికాడు. తుపాకీ పెట్టుకోలేదు. గుడారం చుట్టూ కరెంటు కంచె వేసుకోలేదు. మొదట్లో వెంట ఉంచుకున్న పెప్పర్ స్ప్రేని కూడా తర్వాత మానేశాడు. ఎలుగులకి పేర్లు పెట్టాడు, వాటితో ముద్దుముద్దుగా మాట్లాడేవాడు, చేయి చాస్తే తగిలేంత దగ్గరకి వెళ్లేవాడు. చలికాలం ఊళ్లోకి వచ్చి స్కూలు పిల్లలకి పైసా తీసుకోకుండా ఎలుగుల గురించి పాఠాలు చెప్పేవాడు. ఎలుగుల్ని వేటగాళ్ల నుంచి కాపాడుతున్నానని చెప్పుకున్నాడు. పార్క్ సర్వీస్ వాళ్లతో మాత్రం ఎప్పుడూ గొడవే. ఒకే చోట అన్ని రోజులు మకాం వేయకూడదు, ఎలుగుకి అంత దగ్గరగా వెళ్లకూడదు అని వాళ్లు, నన్ను వేధిస్తున్నారు అని ఇతను.

2003లో ఏటా వెళ్లిపోయే సమయానికే బయల్దేరాడు. కానీ అలాస్కాలోనే ఉన్న కోడియాక్‌లో విమాన టికెట్ దగ్గర మాటా మాటా పెరిగి, విసుగెత్తి మళ్లీ అడవికే తిరిగొచ్చాడు. స్నేహితురాలు ఎమీ హ్యూగెనార్డ్ కూడా వెంట వచ్చింది. ఆమెకి 37 ఏళ్లు. అది ఏడాదిలో చాలా చెడ్డ సమయం. చలికాలపు నిద్రకి ముందు ఎలుగులు ఒంట్లో కొవ్వు పెంచుకోవడానికి ఆబగా తింటాయి. అతనికి అలవాటైన ఎలుగులు అప్పటికి వెళ్లిపోయాయి, లోపలి ప్రాంతాల నుంచి వేరేవి దిగాయి. ఇద్దరూ కాఫ్లియా బే దగ్గర ఆల్డర్ పొదల మధ్య, ఎలుగులు తిరిగే దారులు కలిసే చోట గుడారం వేశారు. ఆ చోటికి అతను పెట్టుకున్న పేరు 'మేజ్', అంటే చిక్కుదారి. అక్టోబర్ 5న ఒక ఎలుగు ఇద్దర్నీ చంపేసింది. మర్నాడు వాళ్లని తీసుకెళ్లడానికి చిన్న విమానంలో వచ్చిన పైలట్ విల్లీ ఫుల్టన్‌కి గుడారం దగ్గర మనుషులు కనిపించలేదు, ఎలుగు కనిపించింది. రేంజర్లు వచ్చి 28 ఏళ్ల ఆ మగ ఎలుగుని కాల్చేశారు. దాని లెక్కల నంబరు 141. మీదికొస్తున్న ఇంకో చిన్న ఎలుగుని కూడా కాల్చారు. తన వల్ల ఎలుగుకి హాని జరగకూడదనేదే అతని కోరిక. చివరికి రెండు చచ్చాయి. ఆ పార్క్ చరిత్రలో ఎలుగు చేతిలో మనుషులు చనిపోయిన మొదటి ఘటన అదే.

గుడారం దగ్గర ఒక వీడియో కెమెరా దొరికింది. దాడి జరిగినప్పుడు అది ఆన్‌లోనే ఉంది, లెన్స్ మూత మాత్రం తీసి లేదు. బొమ్మ లేదు, శబ్దం ఉంది. దాదాపు ఆరు నిమిషాలు.

జర్మన్ దర్శకుడు వెర్నర్ హెర్జోగ్ చేతికి చేరిన సరుకు ఇది: ట్రెడ్‌వెల్ చివరి ఐదు వేసవుల్లో తీసుకున్న దాదాపు 100 గంటల వీడియో, అతని డైరీలు, అతన్ని ప్రేమించిన వాళ్లు, అతన్ని మూర్ఖుడన్న వాళ్లు, ఆ ఆరు నిమిషాలు. 2005లో సినిమా వచ్చింది. ఎడిటర్ జో బీనీ.

చావు ముందే చెప్పేశారు

మొదటి షాట్. పచ్చిక మైదానం, వెనక రెండు ఎలుగులు మేస్తుంటాయి. ట్రెడ్‌వెల్ కెమెరా ముందు మోకాళ్ల మీద కూర్చుని మాట్లాడుతుంటాడు. కింద అతని పేరు పడుతుంది, పక్కన 1957, 2003 అని రెండు సంవత్సరాలు. ఇంకేమీ రాయలేదు. ఆ రెండో అంకె చూసిన క్షణం నుంచి ఎలుగు అతని వైపు తల తిప్పిన ప్రతిసారీ మనం కుర్చీలో ముందుకి జరుగుతాం. కానీ 'చస్తాడా?' అన్న ప్రశ్న మనకి లేదు. చస్తాడని తెలుసు. మిగిలింది ఒక్కటే, ఈ మనిషి ఎవరు, ఎందుకిలా వచ్చాడు.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కాదు. నా చేతికొచ్చే రఫ్ కట్స్‌లో, అంటే మొదటి విడత ఎడిట్లలో, పదింటికి తొమ్మిది ప్రమాదాన్ని చివరికి దాస్తాయి. మా సినిమా కూడా అంతే. డైరెక్టర్ రాసుకున్న కాగితంలో కాటు 58వ నిమిషం దగ్గర ఉంది. దాన్ని అక్కడ పెడితే ముందున్న 58 నిమిషాలూ ఆ కాటు కోసం ఎదురుచూపే అవుతుంది. ఆయన భార్య, ఆయన అప్పులు, రాత్రి రెండింటికి ఫోన్ వస్తే చొక్కా వేసుకుంటూనే సైకిల్ ఎక్కే అలవాటు, అన్నీ దాటి ప్రేక్షకుడి కన్ను పాము పడగ మీదే ఉంటుంది. ఒక మనిషి చావుని సస్పెన్స్‌గా వాడటం అంటే అదే. మొదటి నిమిషంలోనే చెప్పేస్తే ఆ అవసరం పోతుంది. మేం అదే రోజు సాయంత్రం కాటు సమాచారాన్ని మొదటి కార్డుకి, అంటే తెర మీద మొదట పడే అక్షరాల్లోకి, మార్చాం. క్లిప్‌ని కాదు, సమాచారాన్ని మాత్రమే.

క్లిప్పుల తలా తోకా

ట్రెడ్‌వెల్ ఒక్కడే కెమెరామన్, నటుడు, దర్శకుడు. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, ఆన్ చేసి, పరుగెత్తుకెళ్లి పొదల్లోంచి హీరోలా దూసుకొచ్చి డైలాగ్ చెప్తాడు. బాగా రాకపోతే ఇంకో టేక్. కొన్ని టేకుల్లో తలకి కట్టుకున్న గుడ్డ రంగు కూడా మారుస్తాడు. అతను తీయాలనుకున్న కార్యక్రమంలో ఆ టేకుల్లోంచి ఒక్కటి, పది సెకన్లు ఉండేది. మిగతాదంతా చెత్తబుట్టలోకే.

హెర్జోగ్ ఆ చెత్తబుట్టలోకి చెయ్యి పెట్టాడు. ఒక చోట ట్రెడ్‌వెల్ టేక్ అయిపోయి ఫ్రేమ్ దాటి వెళ్లిపోతాడు, కెమెరా ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఎవరూ లేరు. గాలికి గడ్డి, ఆకులు ఊగుతుంటాయి. అంతే. ఆ ఖాళీ క్షణాల్లో ఒక అందం ఉందని, అది అతనికి తెలియకుండానే దొరికిందని హెర్జోగ్ గొంతు మనకి చెప్తుంది. నాకు ఈ సినిమాలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. ఎలుగులు కొట్టుకునే సీన్ కంటే కూడా. మిగతా చోట్ల ట్రెడ్‌వెల్ నన్ను చూడు అంటుంటాడు. ఇక్కడ మాత్రం అతను ప్రేమించిన చోటుని, అతను అడ్డం లేకుండా, అతని కెమెరాతోనే చూస్తాం.

ఇది చూశాక నాకు భయం పట్టుకుంది. ఎందుకంటే మా అసిస్టెంట్ కుర్రాడు లేబుల్స్ వేసేటప్పుడు 'క్లీన్‌గా ఉంటుంది సార్' అని ప్రతి క్లిప్ ముందూ వెనకా కత్తిరించి పెట్టాడు. పాము కనిపించినప్పుడు మొదలు, సంచిలో పడగానే ముగింపు. తప్పు అతనిది కాదు, అలా చెయ్యమని మొదటి రోజు నేనే చెప్పాను. ఫోన్ మళ్లీ తీసి పదకొండు వందల క్లిప్పులూ పూర్తిగా మళ్లీ ఎక్కించాం. నాలుగు రోజులు పట్టింది.

ఆ తోకల్లోనే మా సినిమా ఉంది. పాముని సంచిలో వేసి మూతి కట్టాక ఆయన గోడకి చేరబడి అలా కూర్చుండిపోతాడు, చేతులు వణుకుతుంటాయి. జనం చప్పట్లు కొట్టేటప్పుడు ఆ వణుకు ఎవరికీ కనిపించదు. ఒక క్లిప్ చివర ఆయన భార్య గొంతు: "అన్నం చల్లారిపోతోంది, వస్తారా రారా." ఇంకో దాంట్లో ఇంటివాళ్లు వంద రూపాయలిస్తుంటే వద్దంటూ, ఇంకోసారి ఇవ్వబోతే తీసుకుంటూ. ఇవన్నీ ఆయన ఎవరికీ చూపించాలనుకోని క్షణాలు. కాబట్టి వాడేముందు ఆవిడకి ఒక్కొక్కటీ చూపించి అడిగాం. రెండు వద్దంది, తీసేశాం.

ఇంకొకటి కూడా తోకల్లోనే తెలిసింది. పదకొండు వందల క్లిప్పుల్లో సగానికి పైగా తీసింది కొడుకే. ఊపిరి వినిపిస్తుంది. బొటనవేలు లెన్స్ అంచుకి అడ్డం వస్తుంది. "నాన్నా, కొంచెం ఇటు తిరుగు" అంటాడు. ఆ పిల్లాడు పన్నెండో ఏట నుంచి కెమెరా వెనకే ఉన్నాడు.

కెమెరా ఒక మనిషిని ఎంత ముందుకి తోస్తుందో కూడా అక్కడే చూశాం. మొదటి ఏడాది క్లిప్పుల్లో ఆయన చేతిలో పొడుగాటి ఇనప కొక్కెం ఉంది. పామూ ఆయనా దూరదూరంగా ఉంటారు. రెండో ఏడాది కొక్కెం పొట్టిదైంది. మూడో ఏడాది ఒట్టి చేతులు. నాలుగో ఏడాది పడగకి ముద్దు. చూసేవాళ్లు పెరిగేకొద్దీ దూరం తగ్గింది. ట్రెడ్‌వెల్ ఐదేళ్ల టేపుల్లోనూ ఆ ఒరవడి ఉంది. తనని తాను ఎలుగుల రక్షకుడిగా, యోధుడిగా కెమెరాకి చెప్పుకుని చెప్పుకుని, ఆ పాత్రలోంచి బయటికి రావడం అతనికి కష్టమైంది.

దర్శకుడు ఒప్పుకోని చోట్లు

వాయిస్ ఓవర్ అంటే సాధారణంగా కథానాయకుడిని మోసే గొంతు. ఇక్కడ హెర్జోగ్ అతనితో వాదిస్తాడు. ఒక పిల్ల ఎలుగుని పెద్ద మగ ఎలుగు చంపేసినప్పుడు ట్రెడ్‌వెల్ తట్టుకోలేకపోతాడు. హెర్జోగ్ అక్కడ నేను ఇతనితో ఏకీభవించను అంటాడు. ప్రకృతిలో అతనికి సామరస్యం కనిపించింది, నాకు గందరగోళం, హత్య కనిపిస్తున్నాయి అంటాడు. సినిమా చివర్లో ఒక ఎలుగు ముఖాన్ని దగ్గరగా చూపించి, ఇందులో నాకు బంధుత్వం, జాలి ఏవీ కనిపించడం లేదు, ఆకలి మీద కొంత ఆసక్తి తప్ప అనే అర్థంలో మాట్లాడతాడు.

నేను హెర్జోగ్ తత్వంతో పూర్తిగా ఏకీభవించను. అడవి అంటే హత్యే అనడం కూడా అడవికి మన మాటలు తొడగడమే. కానీ చనిపోయిన మనిషి జవాబు చెప్పలేడు. కాబట్టి దర్శకుడు తన అభిప్రాయాన్ని కటింగ్‌లో దాచకుండా పైకి చెప్పడం నిజాయితీ. నేను ఒప్పుకోవడం లేదు అని ఒక మనిషి చెప్తే ప్రేక్షకుడికి ఇద్దరి మాటలూ విని తేల్చుకునే వీలుంటుంది.

దీనికి జోడుగా ఇంకో నిర్ణయం చూడండి. ట్రెడ్‌వెల్ పార్క్ సర్వీస్ మీద కెమెరా ముందు బూతులు తిడతాడు. చాలాసేపు. అతని కోపం ఎంత దూరం పోయిందో మనకి తెలియాలి కాబట్టి సినిమా అది చూపిస్తుంది. కానీ ఒక దశలో అతను వ్యక్తుల మీదకి వెళ్తుంటే హెర్జోగ్ అతని గొంతు తగ్గించి, ఇక్కడ అతను ఒక గీత దాటుతున్నాడు, మనం దాటబోం అంటూ తన గొంతు పెడతాడు. బొమ్మ నడుస్తూనే ఉంటుంది. తిట్లు తిన్నవాళ్లకీ, తిట్టినవాడికీ ఇద్దరికీ ఆ కట్ కాపు కాసింది.

వ్యతిరేక గొంతులూ ఉన్నాయి. ఒక హెలికాప్టర్ పైలట్ అతని మీద జాలి చూపించడు. మనుషులే ఎలుగు వేషాలు వేసుకున్నట్టు వాటితో మసలాడంటాడు. నన్ను ఆపినవాడు మాత్రం స్వెన్ హాకన్సన్. అలూటిక్ జాతి మనిషి, కోడియాక్‌లో ఆ జాతి మ్యూజియం నడిపాడు. తన వాళ్లు ఏడు వేల ఏళ్లుగా ఎలుగులతో ఒక గీత పెట్టుకుని బతికారని, ట్రెడ్‌వెల్ ఆ గీత దాటాడని చెప్తాడు. మనుషులంటే భయం పోగొట్టడం ఎలుగుకే కీడు అని కూడా అంటాడు. ఇది విన్నప్పుడు నాకు మన శ్రీకాకుళం ఉద్దానం గుర్తొచ్చింది. జీడితోటలకి తెల్లారకముందే వెళ్లే వాళ్లు ఎలుగుబంట్లతో కావాలని స్నేహం చేయరు, దాని దారి దానికి వదిలి చప్పుడు చేసుకుంటూ వెళ్తారు. అలాంటి చోట పుట్టినవాడికి ట్రెడ్‌వెల్ ధైర్యవంతుడిలా కనిపించకపోవచ్చు.

హెడ్‌ఫోన్స్ సీన్

ఇప్పుడు ఆ ఆరు నిమిషాలు.

జువెల్ పాలోవాక్ ట్రెడ్‌వెల్ పాత స్నేహితురాలు. ఇద్దరూ కలిసి 'గ్రిజ్లీ పీపుల్' అనే సంస్థ పెట్టారు. అతను పోయాక టేపు ఆమె దగ్గరికే చేరింది. ఆమె అది ఎప్పుడూ వినలేదు. సీన్‌లో హెర్జోగ్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటాడు, కెమెరా అతని వెనక వైపు ఉంటుంది. ఎదురుగా జువెల్. టేపు ఆడుతున్న చిన్న కెమెరా చేతిలో పట్టుకుని అతన్నే చూస్తుంటుంది. మనకి ఏమీ వినిపించదు. అతని ముఖం కూడా సరిగా కనిపించదు. కనిపించేది ఆమె ముఖం. వింటున్న మనిషిని చూస్తున్న మనిషి ముఖం. కాసేపటికి అతను ఆపెయ్యమంటాడు. నువ్వు ఇది ఎప్పటికీ వినకూడదు, శవపరీక్ష ఫోటోలు కూడా చూడకూడదు, దీన్ని నాశనం చేసెయ్ అంటాడు. ఆ క్షణపు దిగ్భ్రమలో ఇచ్చిన తెలివితక్కువ సలహా అది అని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. ఆమె దాన్ని నాశనం చేయకుండా బ్యాంకు లాకర్‌లో పెట్టింది. నెట్‌లో ఆ టేప్ పేరుతో తిరిగేవి నకిలీవి. అసలుది బయటికి రాలేదు.

ఫిల్మ్ స్కూళ్లలో ఈ సీన్‌ని సంయమనానికి ఉదాహరణగా చెప్తారు. నేనూ పదేళ్లు అలాగే చెప్పాను. ఈసారి ఆపి ఆపి చూస్తే రెండు విషయాలు నన్ను ఇబ్బంది పెట్టాయి.

ఒకటి, టేపులో ఏముందో సినిమా మనకి చెప్పేసింది. శవపరీక్ష చేసిన డాక్టర్ ఫ్రాంక్ ఫాలికో కెమెరా వైపు నడుస్తూ, ఆగుతూ, గొంతు పెంచి తగ్గిస్తూ మొత్తం వర్ణిస్తాడు. ట్రెడ్‌వెల్ అరుపులు, ఎమీని పారిపొమ్మనడం, ఆమె పారిపోకుండా పెనంతో ఎలుగుని కొట్టడం. ఆయన చెప్పే తీరులో నాకు నటన కనిపించింది, లైటు కూడా దానికి తగ్గట్టే ఉంది. శబ్దం వినిపించలేదు కాబట్టి మనం గౌరవంగా ఉన్నాం అనుకోవడం సగం నిజమే. మిగతా సగం ప్రేక్షకుడి తలలో ఆడించారు.

రెండోది, హెర్జోగ్ వినకుండానే టేపుని పక్కన పెట్టొచ్చు. విని, వింటున్నట్టు చిత్రీకరించి, ఆ చిత్రాన్ని సినిమాలో పెట్టాడు. వినిపించకపోవడాన్ని కూడా ఒక సీన్‌గా వాడుకున్నాడు. దాన్ని నేను తప్పనను. అటువంటి టేపు ఒకటుందని లోకానికి తెలుసు, చెప్పకపోతే దాచినట్టవుతుంది. జువెల్ తన ఇష్టంతోనే అక్కడ కూర్చుంది. కానీ ఆ సీన్ నడవాలంటే చూడటానికి ఒక ముఖం కావాలి. ఎవరో ఒకరు తమ దుఃఖాన్ని కెమెరా ముందు పెట్టాలి. ఇది పాఠాల్లో మేం చెప్పని ఖర్చు.

ఇక ఎమీ హ్యూగెనార్డ్. వంద గంటల్లో ఆమె కనిపించేది రెండుసార్లే అని, ఆమె ముఖం ఎక్కడా సరిగా కనపడదని హెర్జోగ్ చెప్తాడు. ట్రెడ్‌వెల్ కెమెరా ముందు నేను ఒంటరివాణ్ణి అంటుండేవాడు, ఆ కథలో ఆమెకి చోటు లేదు. ఆమెకి ఎలుగులంటే భయమని అతని డైరీలే చెప్తున్నాయి. ఆమె కుటుంబం సినిమాలో మాట్లాడటానికి ఇష్టపడలేదు. హెర్జోగ్ ఆ లోటుని కప్పిపుచ్చకుండా, ఈమె నాకు అంతుబట్టని మనిషిగానే మిగిలింది అని ఒప్పుకున్నాడు. అయినా నా మనసు అక్కడే ఆగింది. ఆమె ఒక మనిషిగా ఏదైనా చేసినట్టు మనకి తెలిసేది ఆ టేపులోనే. ఉండిపోయింది, కొట్టింది. డాక్టర్ వర్ణన మీద నాకు ఫిర్యాదు ఉన్నా, ఆ వర్ణన లేకపోతే ఆమె రెండు మసక షాట్లుగానే మిగిలేది. ఈ ముడి నేను విప్పలేకపోయాను. డైరెక్టర్ కూడా చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అన్నా, మన దాంట్లో ఎమీ ఎవరు?" అంది.

ఇద్దరికీ తెలుసు. కెమెరా వెనక ఉన్న పిల్లాడు.

మా టేబుల్ మీద

ఆఖరి క్లిప్ రెండు నిమిషాల నలభై సెకన్లు. నేనొక్కణ్ణే చూశాను, ఒకేసారి. డైరెక్టర్‌ని చూడొద్దన్నాను, ఆమె చూడలేదు. అందులో ఏముందో ఇక్కడ రాయను. ఒక కాపీ కూడా మా హార్డ్ డిస్క్‌లో లేకుండా చేసి, ఫోన్‌ని అలాగే పట్టుకుని ఇద్దరం ఊరెళ్లాం.

ఆవిడ చాప వేసి కూర్చోబెట్టింది. క్లిప్ గురించి చెప్తుంటే తల వంచుకుని వింది. చివరికి ఒక్కటే అడిగింది: "ఆఖర్న ఏమన్నా అన్నారా సార్ ఆయన?" అన్నాడని చెప్పాను. ఏమన్నాడో చెప్పమంటారా అని అడిగాను. చెప్పమంది. చెప్పాను. ఆ సంభాషణ చిత్రీకరించలేదు. కెమెరా కారులోనే ఉంది. డైరెక్టర్ తీసుకున్న నిర్ణయం అది, నాకు ఆమె మీద గౌరవం పెరిగిన రోజు.

పిల్లాడు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఇంటర్ మొదటి సంవత్సరం. వాడు అడిగింది వేరు. "అది సినిమాలో ఉంటుందా సార్? మా ఫ్రెండ్స్ చూస్తారా?"

అక్కడే తేలిపోయింది. క్లిప్ లేదు. క్లిప్ శబ్దం లేదు. క్లిప్‌ని ఎవరో వింటున్న సీన్ కూడా లేదు, ఎందుకంటే ఆ సీన్‌లో మేం చూడాల్సిన ముఖం ఆ పిల్లాడిది అవుతుంది. ఏం జరిగిందో ఒక డాక్టర్‌తోనో బంధువుతోనో చెప్పించనూ లేదు. నల్లటి కార్డు మీద తేదీ, పాము పేరు, ఆస్పత్రికి చేరడానికి పట్టిన సమయం, మూడు వాక్యాలు. ఆ కార్డు మొదటి నిమిషంలోనే వచ్చేస్తుంది. చివర్న ఇంకో కార్డు పెట్టాం: పాము కనిపిస్తే అటవీశాఖకి చెప్పండి, కరిస్తే కట్లు కట్టడం, కోయడం చేయకుండా యాంటీ వెనమ్ ఉన్న ఆస్పత్రికి వెంటనే వెళ్లండి అని. ముద్దు పెట్టే క్లిప్పుల్లో ఒక్కటే వాడాం, అది కూడా తోకతో కలిపి. ముద్దు అయ్యాక ఆ వణికే చేతులు కనిపించేదాకా కట్ చేయలేదు. చూసి ఎవరో కుర్రాడు అలాగే చేయబోతాడన్న టెన్షన్ మాకు చివరిదాకా ఉంది, ఇప్పటికీ ఉంది.

డబ్బు పెట్టినవాళ్లు ఒప్పుకోలేదు. అసలు వస్తువే తీసేస్తే మిగిలిందేమిటి అన్నారు. రెండో విడత డబ్బు రాలేదు. రంగులు సరిచేసే పని, సౌండ్ పని తెలిసినవాళ్లతో చేయించుకున్నాం. సినిమా గంటకి రెండు నిమిషాలు ఎక్కువ. నేను హెర్జోగ్ కంటే మంచి నిర్ణయం తీసుకున్నానని చెప్పడం లేదు. ఆయన ముందు కూర్చున్నది అన్నీ తెలిసి ఒప్పుకున్న పెద్దమనిషి. మా ముందు నిలబడ్డది పదహారేళ్ల పిల్లాడు. కేసు మారితే కట్ మారుతుంది.

ముగింపు షాట్ కోసం చాలా వెతికాం. 'గ్రిజ్లీ మ్యాన్' చివర్లో పైలట్ విల్లీ ఫుల్టన్ విమానం నడుపుతూ ఒక పాటకి గొంతు కలుపుతాడు, ఆ పాటలోకి ట్రెడ్‌వెల్ పేరు చేర్చి పాడతాడు. తర్వాత ట్రెడ్‌వెల్ ఏటి పాయ వెంట దూరంగా నడిచిపోతుంటాడు. అతను తీసుకున్న షాటే. మాకు కూడా ఆయన ఫోన్లోంచే కావాలనిపించింది.

రెండో ఏడాది క్లిప్ ఒకటి దొరికింది. కోళ్లగూడులో దూరిన జెర్రిపోతుని పట్టి, సంచి భుజాన వేసుకుని ఆయన ఫ్రేమ్ దాటి వెళ్లిపోతాడు. ఫోన్ ఆగలేదు. ఖాళీ వాకిలి, ఒక కోడి, ఎండ. అంచు నుంచి ఒక బొటనవేలు మెల్లగా లెన్స్ మీదికి వచ్చి సగం తెర ఎర్రగా అవుతుంది. పదకొండు సెకన్లు.

ఊళ్లో స్కూల్ హాల్లో తెర కట్టి చూపించినప్పుడు పిల్లాడు తల్లి పక్కన కూర్చున్నాడు. ఆ షాట్ వచ్చినప్పుడు ఆవిడ వైపు వంగి, మాకు వినపడేంత గట్టిగానే అన్నాడు: "అమ్మా, అది నా వేలే."